క్యాన్సిల్ బటన్ ఎక్కడ దాచాలి?

"ఏందన్నా, ఇంకా పండుకోలే?"

రాత్రి రెండున్నర అయింది. గోపన్‌పల్లిలో మేముండే ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని ఉన్నాను. ఒకపక్క సెంట్రల్ యూనివర్సిటీ వైపు చెట్ల చీకటి. ఇంకోపక్క నల్లగండ్ల దాకా సగం లేచిన టవర్లు, వాటిమీద క్రేన్ల ఎర్ర లైట్లు. 2024 జూలైలో తెరిచిన తండా ఫ్లైఓవర్ మీద ఆ వేళప్పుడు కూడా నైట్ షిఫ్ట్ క్యాబ్‌లు పోతూనే ఉన్నాయి. మంచినీళ్ల కోసం లేచిన మా రూమ్మేట్ నన్ను చూసి ఆగాడు.

నిద్ర పట్టడం లేదన్నాను. ఎందుకో చెప్పలేదు. అప్రైజల్ గురించో, పెళ్లి సంబంధం గురించో, ఈఎంఐ గురించో అయితే చెప్పుకోవచ్చు, ఎవరైనా అర్థం చేసుకుంటారు. "తప్పు అనేది నిజంగా ఉందా, లేక అది మనం పెట్టుకున్న పేరేనా అని ఆలోచిస్తున్నా" అని ఇరవై తొమ్మిదేళ్ల జావా డెవలపర్ ఎలా చెప్తాడు? "పొద్దున స్టాండప్ ఉంది, పండుకో అన్నా" అంటాడు. వాడన్నా అన్నట్టే, అందులో తప్పేం లేదు.

ఇలాంటి ప్రశ్నలు ఇంజినీరింగ్ హాస్టల్లో అందరికీ వస్తాయి. సెమిస్టర్ పరీక్షల ముందు మరీ ఎక్కువగా వస్తాయి. ఉద్యోగం రాగానే పోతాయి. నాకూ అలాగే పోయాయి. మళ్లీ వచ్చింది మాత్రం ఏ పుస్తకమో చదివి కాదు. ఒక బటన్ వల్ల.

నాలుగో స్క్రీన్

నేను పనిచేసే కంపెనీ పేరు చెప్పను. నెలనెలా డబ్బు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్ యాప్ అనుకోండి. అందులో సబ్‌స్క్రిప్షన్ ఆపేసే బటన్ ఒకప్పుడు సెట్టింగ్స్ తెరవగానే కనిపించేది. ఒకరోజు నాకో టికెట్ వచ్చింది. సగంమంది యూజర్లకు పాత పద్ధతే ఉంచాలి. మిగతా సగానికి ఆ బటన్‌ను నాలుగో స్క్రీన్‌లోకి మార్చాలి. దారిలో "ఇన్ని లాభాలు వదులుకుంటారా?" అని అడగాలి. "ఉంటాను" అన్నది పెద్ద రంగు బటన్. "ఆపేస్తాను" అన్నది అడుగున, బూడిద రంగులో, చిన్న అక్షరాలతో. ఇలా రెండు రకాలు పెట్టి ఏది గెలుస్తుందో చూడటాన్నే మేము ఏ/బీ టెస్ట్ అంటాం.

రెండు రోజుల పని. చేసేశాను. కోడ్ నీట్‌గా ఉందని రివ్యూలో మెచ్చుకున్నారు కూడా. కొన్ని వారాలకు గ్రాఫ్ వచ్చింది. నాలుగో స్క్రీన్ గెలిచింది. ఆపేసేవాళ్లు తగ్గారు. టీమ్ మొత్తానికి బిర్యానీ తెప్పించారు. (అబద్ధం ఎందుకు, బిర్యానీ బాగుంది.)

తర్వాత ఏదో బగ్ వెతుకుతూ కస్టమర్ సపోర్ట్ చాట్‌లు తిరగేస్తుంటే ఒకటి కంటపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు. రాసిన తీరు చూస్తే పెద్దాయన అనిపించింది. మనవడు పెట్టించిన యాప్ అట. తాను వాడటం లేదట. నెలనెలా డబ్బు పోతోందట. ఎక్కడ ఆపాలో దొరకడం లేదట. మూడుసార్లు అడిగారు. మూడోసారి "బాబూ" అని మొదలుపెట్టారు. అవతల ఉన్నది బాట్. మూడుసార్లూ అదే లింకు పంపింది. ఆ లింకు నొక్కితే వచ్చేది నేను కట్టిన దారే.

ఆ రోజు నుంచి రాత్రి రెండింటికి మెలకువ రావడం మొదలైంది.

లోపలి లాయర్

మెలకువ వచ్చాక ఏం జరుగుతుందో చెప్తాను. మీలో కొందరికి ఇది తెలిసే ఉంటుంది. లోపల ఒక లాయర్ లేచి కూర్చుంటాడు. నా తరఫున వాదిస్తాడు, ఫీజు కూడా అడగడు.

వాడి మొదటి వాదన: "తప్పు అని ఎవరు తేల్చారు? ఒక కాలంలో ఒప్పు అన్నది ఇంకో కాలంలో తప్పు. ఒక దేశంలో తప్పు అన్నది ఇంకో దేశంలో మామూలు. నీతి అనేది మనుషులు అల్లుకున్నదే. ఆకాశంలో ఎక్కడా రాసి లేదు." రెండోది: "టికెట్ నీకు ఇచ్చారు. నువ్వు కాకపోతే పక్క సీటువాడు చేసేవాడు. నీ చేతిలో ఏముంది?" మూడోది: "ఆయన్ని ఎవరూ కట్టేయలేదే. బటన్ ఉంది కదా. వెతుక్కోవడం ఆయన ఇష్టం."

రెండో వాదననీ మూడో వాదననీ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు చాలా రాత్రులు పట్టింది. చూశాక సిగ్గేసింది. కోడ్ రాసే నాకు స్వేచ్ఛ లేదట. ఆ కోడ్‌లో చిక్కుకున్న పెద్దాయనకు మాత్రం పూర్తి స్వేచ్ఛ ఉందట!

లాయర్ తెలివైనవాడే. కానీ వాడు సందేహాన్ని ఎటు తిప్పుతున్నాడో గమనించండి. ఎప్పుడూ నాకు లాభం ఉన్నవైపే.

కుండలో నీళ్లు

మొదటి వాదన అంత తేలిగ్గా పడలేదు. నిజంగానే, నీతి ఆకాశంలో రాసి లేదు కదా?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు ఎక్కడిదో చెప్తే నవ్వుతారు. నాగార్జునసాగర్ గేట్లెత్తారని ఫోన్లో వీడియోలు రాగానే హైదరాబాద్ బైకులన్నీ అటే పోతాయి చూడండి, అలా ఒక ఆగస్టులో మేమూ పోయాం. గేట్ల దగ్గర జనాన్ని తట్టుకోలేక లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళ్లాం. అక్కడ మ్యూజియం ఉంది. ఇప్పుడు నీళ్ల కింద ఉన్నది ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండేలోపు అక్కడ హడావుడిగా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలనూ కట్టడాలనూ ఎత్తుకొచ్చి ఈ దీవి మీద పెట్టారు. మావాళ్లు సెల్ఫీలు దిగుతుంటే నేను బోర్డులు చదువుతూ తిరిగాను.

ఈ కొండకు పేరు నాగార్జునాచార్యుడి వల్ల వచ్చిందని సంప్రదాయం. దాదాపు 1800 ఏళ్ల కిందటి బౌద్ధ తాత్వికుడు. ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలబడే స్వభావం లేదు, అన్నీ ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నవే, అన్నీ శూన్యమే అన్నాడు. వినగానే మన రెండింటి లాయర్ గుర్తొస్తాడు కదా? ఆయన కాలంలోనే ప్రత్యర్థులు గట్టిగా అడిగారు: అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే, శూన్యమైన మాటతో దేన్ని ఖండిస్తావు? మన భాషలో చెప్పాలంటే, "ఏదీ నిజం కాదు అంటున్నావే, మరి ఆ మాట నిజమేనా?"

విగ్రహవ్యావర్తని అనే చిన్న గ్రంథంలో ఆయన దీనికి జవాబిచ్చాడు. అవును, నా మాట కూడా శూన్యమే అని ఒప్పేసుకున్నాడు. కానీ బండి శూన్యమే అయినా కట్టెలు మోస్తుంది, కుండ శూన్యమే అయినా నీళ్లు పట్టి ఉంచుతుంది, బట్ట శూన్యమే అయినా చలి ఆపుతుంది, అలాగే నా మాట కూడా తన పని తాను చేస్తుంది అని ఆయన చెప్పినదాని సారాంశం. ఆయన వాదనంతా నాకు అర్థమైందని చెప్పను. ఈ కుండ మాత్రం అర్థమైంది.

ఎందుకంటే రూపాయి కూడా మనం పెట్టుకున్నదే. ఆకాశంలో రాసిలేదు. అందరం నమ్మాం కాబట్టి నడుస్తోంది. అయినా ప్రతినెలా ఆ పెద్దాయన ఖాతాలోంచి అది నిజంగానే పోతోంది. నీతి మనుషులు అల్లుకున్నది కాబట్టి లెక్కలోకి రాదు అనేవాడు, అదే నోటితో జీతం కూడా లెక్కలోకి రాదు అనాలి. మా లాయర్ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

అర సెకను

స్వేచ్ఛ గురించి ఆలోచించేటప్పుడు నాలాంటి వాళ్లు ముందు మెదడు వైపు పరిగెడతాం. 1983లో బెంజమిన్ లిబెట్ చేసిన ప్రయోగం యూట్యూబ్‌లో మీరూ చూసే ఉంటారు. మనిషి ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చెయ్యి కదిలించాలి. కదిలించాలని ఏ క్షణాన అనిపించిందో గడియారం చూసి చెప్పాలి. తలమీద పెట్టిన ఎలక్ట్రోడ్లలో తేలింది ఏమిటంటే, చెయ్యి కదలడానికి అర సెకను పైనుంచే మెదడు సిద్ధమవుతోంది. మనిషికి "కదిలిద్దాం" అని తెలిసేది మాత్రం దాదాపు 200 మిల్లీసెకన్ల ముందే. అంటే మనం నిర్ణయించుకునేలోపే మెదడు మొదలుపెట్టేసిందా? అయిపోయింది, స్వేచ్ఛ లేదు అని వీడియోలన్నీ అక్కడితో ముగుస్తాయి.

ముగించకూడనిచోట ముగిస్తాయి. మిగిలిన ఆ కొద్ది వ్యవధిలో మొదలైన పనిని ఆపేసే అవకాశం మనిషికి ఉంటుందని లిబెట్ స్వయంగా వాదించాడు. మొదలుపెట్టే స్వేచ్ఛ కాదు, రద్దు చేసే స్వేచ్ఛ. చదవగానే పెద్దగా నవ్వొచ్చింది. మెదడులో కూడా ఒక క్యాన్సిల్ బటన్! ఎన్నో స్క్రీన్‌లో ఉందో మరి. పైగా 2012లో ఆరన్ షుర్గర్ బృందం, ఆ ముందస్తు సంకేతం నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే చిన్నచిన్న హెచ్చుతగ్గులు ఒక గీత దాటడమే కావచ్చు అని వేరే లెక్క చూపించింది. గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

రద్దు అనగానే నాకు మదనపల్లె గుర్తొస్తుంది. 1895లో అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1909లో, పద్నాలుగేళ్ల వయసులో, మద్రాసు అడయారు దగ్గర దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆ పిల్లవాణ్ణి చూసి రాబోయే జగద్గురువు ఇతనే అన్నారు. 1911లో ఆయన కోసమే ఒక సంఘం పెట్టి అధిపతిని చేశారు. పిల్లల్ని వెనక్కిమ్మని తండ్రి అనీబిసెంట్ మీద కోర్టుకెళ్తే కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. చదువు, బట్టలు, ప్రయాణాలు, చివరికి తానెవరో కూడా వేరేవాళ్లే రాసిచ్చారు. "నా చేతిలో ఏముంది" అని అనగలిగిన మనిషి ఎవరైనా ఉంటే ఆయనే. 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో, అనీబిసెంట్ ఎదురుగా, మూడువేలమంది సభ్యుల ముందు నిలబడి ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. సత్యానికి ఏ సంస్థా దారి వేయలేదన్నారు. కానుకగా వచ్చిన కోట, భూములు ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్లిపోయాయి. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. (తర్వాత ఆయన పేరు మీదే ఫౌండేషన్లు వచ్చాయనుకోండి. సంస్థలు అంత తేలిగ్గా వదలవు.)

ఆయన మెదడులో అర సెకను ముందు ఏం జరిగిందో ఎవరూ కొలవలేదు. కొలిచినా, ఆ కోట వెనక్కి ఇవ్వడం ఆయన పని కాదు అనగలమా?

డాక్టర్ సమరంగారి నాన్న

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వస్తున్నాను.

మా అమ్మమ్మ వాళ్లది కృష్ణా జిల్లా ఉయ్యూరు పక్క ఊరు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్లినప్పుడల్లా బస్సు విజయవాడ బెంజి సర్కిల్ దాటేది. "అదిగో, ఆ పక్కనే నాస్తిక కేంద్రం. దేవుడు లేడంటారు వాళ్లు" అని అమ్మ ఒక చెంప మీద మెల్లగా వేసుకుంటూ చెప్పేది. ఆ కుటుంబంలో ఒకరు మాత్రం నాకు అప్పటికే బాగా తెలుసు, వాళ్లే అని తెలియదంతే. ఇంటికొచ్చిన వారపత్రికలో పెద్దవాళ్లు ముందు చదివి దాచేస్తే, మేం దొంగచాటుగా తీసి చదివిన "సందేహాలు" డాక్టర్ సమరంగారు!

ఆయన 1939లో పుట్టారు. ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది. అందుకే సమరం. అన్నగారు 1930లో, ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టారు. ఆయన లవణం. ఇంకొకరు నియంత. కులం, దేవుడు, గోత్రం ఏదీ పేరులో తగలకూడదని ఆ తండ్రి పట్టుదల. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు ఆ పిల్లల పరిస్థితి తల్చుకుంటే నాకు జాలేస్తుంది, అది వేరే సంగతి.

ఆ తండ్రి గోపరాజు రామచంద్రరావు. అందరికీ గోరా. 1902లో ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి కాలేజీ లెక్చరర్ అయ్యారు. అంటే ఆ రోజుల్లో గచ్చిబౌలి ఉద్యోగం లాంటిదే అనుకోండి. జంధ్యం తీసేశారు. కుటుంబం వెలివేసింది. నాస్తికత్వం బోధిస్తున్నారని 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత బందరు కాలేజీలో చేరారు, అక్కడా అదే గొడవ. 1940లో ఉద్యోగాల దారి వదిలేసి, భార్య సరస్వతితో, పిల్లలతో ముదునూరు వచ్చి నాస్తిక కేంద్రం పెట్టారు. ఆ ఊరు మా అమ్మమ్మ ఊరికి దగ్గరే. 1947లో కేంద్రం విజయవాడకు మారింది.

ఆయన చేసిన పనుల్లో వాదనల కంటే భోజనాలు ఎక్కువ. అన్ని కులాలవాళ్లనీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టేవారు. దేవుడు లేడు అనడం ఆయనకు ఒక తీర్పు కాదు, మొదటి మెట్టు. పేదవాడు పేదగా ఉండటం, అంటరానివాడు అంటరానివాడిగా ఉండటం పైవాడి రాతో, పూర్వజన్మ కర్మో అని నమ్మినంతకాలం ఎవరూ దేన్నీ మార్చరు, రాసింది ఎవరూ లేరని తెలిస్తే బాధ్యత మనుషుల మీద పడుతుంది అన్నది ఆయన లెక్క.

మా లాయర్ చెప్పేదీ ఇదే మాట కదా? "ఆకాశంలో రాసి లేదు." ఒకే వాక్యం. మా లాయర్ దాన్ని "కాబట్టి నా బాధ్యత లేదు" అని ముగిస్తాడు. గోరా "కాబట్టి బాధ్యతంతా నాదే" అని ముగించారు. పుట్టుకతో తనకు పీట వేసిన నమ్మకాన్నే ఆయన సందేహించారు. సందేహించినందుకు ఇల్లు పోయింది, ఉద్యోగం పోయింది. నా సందేహం వల్ల నాకు పోయిందేమిటి? కాస్త నిద్ర. పైగా బిర్యానీ మిగిలింది.

గాంధీ అడిగిన ప్రశ్న

గోరా 1930లో గాంధీగారికి ఉత్తరం రాశారు, దేవుడంటే మీ ఉద్దేశం ఏమిటని. మనిషి బుద్ధికి అందనివాడు అన్నట్టుగా చిన్న జవాబు వచ్చింది. మనిషి బుద్ధికి అందనిదాంతో మనిషి జీవితం ఎలా నడుపుతారు అన్నది గోరా సమస్య. 1944 చివర్లో సేవాగ్రామ్‌లో ఇద్దరూ కలిశారు. దేవుడు లేని మనిషితో ఏం మాట్లాడాలి అని గాంధీ నవ్వుతూ అడిగారట. నేను దేవుడు లేనివాణ్ణి కాదు, నాస్తికుణ్ణి అన్నారట గోరా. తేడా ఏమిటని గాంధీ అడిగితే, ఒకటి లేకపోవడం, ఇంకొకటి ఒక బతుకు తీరు అని వివరించారు.

తర్వాత జరిగిన మాటల్లో నన్ను పట్టేసింది ఒకటుంది. గాంధీ గోరాను ఒప్పించలేదు, గోరా గాంధీని ఒప్పించలేదు. నా ఆస్తికత్వమే ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, మనం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లం, తప్పని తెలిస్తే మార్చుకుంటాం అన్న ధోరణిలో గాంధీ మాట్లాడారు. డెబ్బై అయిదేళ్లు దాటిన మనిషి, దేశమంతా మహాత్మా అంటున్న మనిషి, ఇలా అన్నారు. ఇవన్నీ గోరా రాసిన "యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ"లో ఉన్నాయి. 1951లో గాంధీ పుస్తకాలు వేసే నవజీవన్ వాళ్లే దాన్ని అచ్చేశారు. చిన్న పుస్తకం. మెట్రో రాయదుర్గం నుంచి మియాపూర్ పోయి వచ్చేలోపు అయిపోతుంది.

అక్కడితో ఆగి ఉంటే అది మంచి పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ అయ్యుండేది. గోరా తన పెద్దమ్మాయి మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికిచ్చి చేయాలనుకున్నారు. గాంధీ సరేనన్నారు. సేవాగ్రామ్ ఆశ్రమంలోనే చేద్దామన్నారు, కొంతకాలం ఆగమన్నారు. అర్జునరావు ఆ మధ్యకాలంలో ఆశ్రమంలో ఉన్నారు. మరి పెళ్లి ప్రమాణాల్లో దేవుడి పేరు వస్తుంది కదా, నాస్తికుల పెళ్లిలో ఎలా? దేవుడి సాక్షిగా అనేచోట సత్యం సాక్షిగా అనేలా మార్చడానికి గాంధీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. ఆ మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది, అనుకున్నట్టే.

నేను ఆస్తికుణ్ణా నాస్తికుణ్ణా అని అడగకండి. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయితే రెండుసార్లు ప్రసాదం తింటాను. ఇక్కడ నాకు కావాల్సింది దేవుడి సంగతి కాదు. పెద్ద ప్రశ్న తేలలేదు. తేలే సూచన కూడా లేదు. అయినా ఇద్దరూ పెళ్లి పనిలో దిగారు. ముందు తత్వం తేలాలి, ఆ తర్వాతే మంచిచెడ్డలు అని ఇద్దరిలో ఎవరూ ఆగలేదు.

మా టెస్టింగ్ భాషలో చెప్తే నాకు ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రతి టెస్ట్‌లో రెండు ఉంటాయి. వచ్చిన ఫలితం, రావాల్సిన ఫలితం. వచ్చింది ఏమిటో మెషీన్ చెప్తుంది. రావాల్సింది ఏమిటో మెషీన్ ఎప్పటికీ చెప్పదు, ఎవరో ఒక మనిషి టైప్ చేయాలి. "ఉన్నది" నుంచి "ఉండాల్సింది" దానంతట అది పుట్టదని డేవిడ్ హ్యూమ్ 1740 ప్రాంతంలోనే పట్టుకున్నాడు. మా గ్రాఫ్ చెప్పింది ఉన్నది మాత్రమే, ఆపేసేవాళ్లు తగ్గారని. తగ్గాలి అన్నది మేం టైప్ చేసుకున్నాం. నేను కూడా.

ఆ తర్వాత

మీటింగ్‌లో చెప్పాను. వీరుడిలా ఏం కాదు. ముందురోజు రాత్రి కూర్చుని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు చదువుకున్నాను. అందులో 13 రకాల మోసపు డిజైన్ల జాబితా ఉంది. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. వద్దన్నవాడు సిగ్గుపడేలా మాటలు రాయడం ఇంకొకటి. రెండూ నా కోడ్‌లో ఉన్నాయి. స్లైడ్ పెట్టాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"వాలిడ్ పాయింట్. ఈ క్వార్టర్ అయ్యాక చూద్దాం" అన్నారు మేనేజర్.

అదే దారిలో తర్వాతి టికెట్ నాకొచ్చింది, హెల్ప్‌లైన్ నంబర్‌ను కూడా లోపలికి నెట్టడం. నేను చేయనన్నాను. గొంతు వణికింది. పక్క సీటువాడు చేశాడు. లాయర్ ముందే చెప్పాడు కదా! ఆ ఏడాది నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది, కారణం వేరే రాశారు. కొన్ని నెలలకు లీగల్ టీమ్ నుంచి మెయిల్ వచ్చాక క్యాన్సిల్ బటన్ రెండో స్క్రీన్‌కి వచ్చింది. బూడిద రంగు పోలేదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ మార్గదర్శకాలు లేకపోతే నేను నోరు విప్పేవాణ్ణా? గోరాకు చూపించడానికి ఏ నోటిఫికేషనూ లేదు. నేను మాట్లాడింది ఆ పెద్దాయన కోసమా, చట్టం నావైపు ఉందన్న ధైర్యంతోనా? దీనికి జవాబు నాకింకా దొరకలేదు. లాయర్ ఇప్పుడు ఈ పాయింట్ పట్టుకున్నాడు. "చూశావా, నీది కూడా విలువేం కాదు, భయమే" అంటాడు. కావచ్చు అంటాను. కానీ టికెట్ మాత్రం తీసుకోను.

మొన్న మళ్లీ రెండున్నరకు బాల్కనీలో ఉంటే రూమ్మేట్ వచ్చాడు. ఈసారి మొత్తం చెప్పేశాను. బటన్, పెద్దాయన, కుండ, ముదునూరు, అన్నీ. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నీళ్ల బాటిల్ కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న క్రేన్ లైటు కేసి చూస్తూ కాసేపు ఊరుకున్నాడు.

"మీ దాంట్ల నాలుగో స్క్రీన్ల అన్న ఉండె అన్నా. మా యాప్‌ల ఆ బటనే లేదు. మెయిల్ పెట్టాలె" అన్నాడు. "ఆ మెయిల్ ఎటు పోతదో నాకు తెల్సు. నేనే రాసిన."